ఫారడే, ఒక ప్లాటినం రేకు

ఫారడే అనగానే మనందరికీ రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న విద్యుదయస్కాంత ప్రేరణ, రెండోది కెమిస్ట్రీలో విద్యుద్విశ్లేషణ నియమాలు. మొదటిది ట్రిపుల్ఈ వాళ్ల సొత్తు, రెండోది కెమికల్ వాళ్ల సొత్తు అన్నట్టు పంచేసుకున్నాం. అయితే 1833 చివర్లో ఆయన చేసిన ఇంకో పని ఉంది. సిలబస్‌లో లేదు కాబట్టి మనలో చాలామంది దాని పేరు కూడా విని ఉండరు. తక్కువ వేడిలోనే పనిచేసేలా క్యాటలిస్టుకి, అంటే ఉత్ప్రేరకానికి, కరెంటు సాయం ఎలా అందించాలా అని ఇవాళ ఎన్నో ల్యాబుల్లో తలలు పట్టుకుంటున్నారు కదా. ఆ కథకి తొలి అధ్యాయాల్లో ఒకటి ఫారడే ల్యాబులో, ఒక చిన్న ప్లాటినం రేకుతో నడిచింది. ఆ రేకు దగ్గరికి వెళ్లేముందు ఆ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో చూద్దాం.

కమ్మరి ఇంటి కుర్రాడు

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గరి న్యూవింగ్టన్ బట్స్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న వెస్ట్‌మోర్లాండ్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. ఒంట్లో బాగుండక సరిగా పనిలోకి వెళ్లలేకపోయేవాడు. ఇంట్లో గడవడమే కష్టం, ఇక చదువుల మాటేముంది. చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు వచ్చాక బడి ముగిసింది. పెద్దయ్యాక కూడా ఆయనకి పెద్ద లెక్కలు రాలేదు. ఆయన పుస్తకాల్లో సమీకరణాలు వెతికితే దొరకవు.

1804లో, అంటే పన్నెండు పదమూడేళ్ల వయసులో, జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర చేరాడు. మొదట పేపర్లు ఇంటింటికీ ఇచ్చి రావడం. మర్నాడేడు నుంచి ఏడేళ్ల ఒప్పందం మీద పుస్తకాలు బైండింగ్ చేసే పని నేర్చుకున్నాడు. బైండింగుకి వచ్చిన పుస్తకాలని కుట్టడంతో ఆగకుండా చదివేవాడు. అలా దొరికినవాటిలో జేన్ మార్సెట్ అనే ఆవిడ కెమిస్ట్రీని సంభాషణల రూపంలో వివరిస్తూ రాసిన పుస్తకం ఒకటి. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద వచ్చిన వ్యాసం ఇంకొకటి. చదివింది నిజమో కాదో చూడాలని చేతిలో ఉన్న చిల్లరతో సామాను కొని చిన్న చిన్న ప్రయోగాలు చేసేవాడు. ఊళ్లో టేటమ్ అనే ఆయన సైన్సు లెక్చర్లు ఇస్తుంటే, ఒక్కోదానికి ఒక షిల్లింగు ఫీజు. ఆ షిల్లింగు కమ్మరి పనిలోనే ఉన్న అన్న రాబర్ట్ ఇచ్చేవాడు.

1812లో షాపుకి వచ్చే ఒక పెద్దమనిషి ఈ కుర్రాడి ఆసక్తి చూసి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ లెక్చర్లకి టికెట్లు ఇచ్చాడు. డేవీ అప్పటికే యూరప్‌లో పెద్ద పేరు. బ్యాటరీతో సోడియం, పొటాషియం లోహాలని విడదీసిన మనిషి. ఫారడే నాలుగు లెక్చర్లు విని, నోట్సు శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు గీసి, తనే బైండింగ్ చేసి, ఆ ఏడాది చివర్లో ఉద్యోగం ఇప్పించమని డేవీకి పంపాడు. ఇవాళ మనం పంపే రెజ్యూమెలకి ఇది తాతయ్య అనుకోవచ్చు.

ఇక్కడ ఒక పిట్టకథ చెబుతారు. ఈ కుర్రాణ్ణి ఏం చేయాలని డేవీ ఒక మిత్రుణ్ణి అడిగితే, సీసాలు కడగమని చెప్పి చూడు, పనికొచ్చేవాడైతే వెంటనే ఒప్పుకుంటాడు, ఒప్పుకోకపోతే దేనికీ పనికిరాడు అని ఆయన సలహా ఇచ్చాడట. 1813 మార్చిలో అప్పటి అసిస్టెంటు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకోవడంతో ఆ ఖాళీ ఫారడేకి దక్కింది. సామాను మోయడం, పాత్రలు కడగడం, లెక్చరుకి ప్రయోగాలు సిద్ధం చేయడం అతని పని. ఈ కడగడం అనే మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

డేవీ నీడలో

అదే ఏడాది అక్టోబర్‌లో డేవీ దంపతులతో కలిసి యూరప్ యాత్రకి బయల్దేరాడు. ఏడాదిన్నర తిరిగారు. పారిస్‌లో ఆంపియర్‌ని, ఇటలీలో వోల్టాని చూసే అదృష్టం కలిగింది. కాలేజీకి పోని కుర్రాడికి అదే యూనివర్సిటీ. కానీ డేవీ భార్య అతన్ని నౌకరుగానే చూసింది. ఒక దశలో అన్నీ వదిలేసి పుస్తకాల షాపుకే పోదామా అనుకున్నాడు.

తిరిగొచ్చాక 1815లో డేవీ బొగ్గు గనుల దీపం మీద పని మొదలుపెట్టాడు. మూడేళ్ల ముందు ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. మంట చుట్టూ సన్నని తీగ జల్లెడ పెడితే బయటి గ్యాసు అంటుకోదని డేవీ తేల్చాడు. ఆ పనిలో ఫారడే చేయి ఉంది, డేవీ కూడా ఆ సంగతి అచ్చులో ఒప్పుకున్నాడు.

ఆ దీపం పనిలోంచే ఇంకో వింత బయటపడింది, 1817 మొదట్లో డేవీ దాన్ని ప్రకటించాడు. కొద్దిగా వేడి చేసిన ప్లాటినం తీగని గ్యాసు, గాలి కలిసిన మిశ్రమంలో పెడితే మంట లేకుండానే తీగ ఎర్రగా మెరుస్తూ ఉండిపోయింది. అంటే మంటకి కావలసినంత వేడి లేకుండానే తీగ ఉపరితలం మీద గ్యాసు మండుతోందన్నమాట. 1823లో జర్మనీలో డోబరైనర్ ఇంకో అడుగు ముందుకేశాడు. స్పాంజిలాంటి ప్లాటినం మీదకి హైడ్రోజన్ వదిలితే ముందు వేడి చేయకపోయినా అదే అంటుకుంది. దాన్ని దీపం వెలిగించుకునే సాధనంగా జనం ఇళ్లలో కూడా వాడారు. ఎందుకు అంటుకుంటోందో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. అప్పటికి క్యాటలిసిస్ అనే మాటే పుట్టలేదు.

ఈలోగా ఫారడే తన కాళ్ల మీద నిలబడ్డాడు. 1821లో సారా బర్నార్డ్‌ని పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేసి చూపించాడు. ఇవాళ్టి మోటారుకి అది మూలం. కానీ ఆ పేపర్లో, అదే ఆలోచన మీద ముందు నుంచీ ఉన్న వొలాస్టన్ పేరు చెప్పలేదని నింద పడింది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వస్తే అడ్డుపడినవాడు డేవీయే. గురువుని మించిపోతున్న శిష్యుడి కథ మన దగ్గర మాత్రమే కాదు, అక్కడా ఇంతే. అయినా సభ్యత్వం వచ్చింది. 1825లో బెంజీన్ కనిపెట్టాడు, ల్యాబుకి డైరెక్టరయ్యాడు. 1831 ఆగస్టు 29న ఇనుప రింగు మీద రెండు తీగచుట్లు చుట్టి, ఒకదాంట్లో కరెంటు మారితే రెండోదాంట్లో కరెంటు పుట్టడం చూశాడు. ఆ కథ మనకి తెలిసిందే.

తగ్గిపోతున్న గ్యాసు

1833 నాటికి ఆయన విద్యుద్విశ్లేషణ మీద పడ్డాడు. ఎంత విద్యుత్తు పారితే అంత పదార్థం విడిపోతుందని నిరూపించాలి. దానికి పారిన విద్యుత్తుని కొలిచే సాధనం కావాలి. గాజు గొట్టంలో డైల్యూట్ సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి, రెండు ప్లాటినం రేకులు పెట్టి, కరెంటు పంపితే నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. ఎంత గ్యాసు వచ్చిందో చూస్తే ఎంత విద్యుత్తు పారిందో తెలిసిపోతుంది. మంచి ఐడియానే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కరెంటు ఆపేసి గొట్టాన్ని అలా వదిలేస్తే పోగైన గ్యాసు మెల్లగా తగ్గిపోతోంది. లీకేజీ లేదు. హైడ్రోజన్, ఆక్సిజన్ మళ్లీ కలిసి నీరైపోతున్నాయి. మామూలుగా ఈ రెండూ కలిపి గది వేడిలో ఉంచితే ఏళ్ల తరబడి కలవవు. మన భాషలో చెప్పాలంటే యాక్టివేషన్ ఎనర్జీ అనే గోడ దాటాలి, దానికి నిప్పురవ్వ కావాలి. ఇక్కడ నిప్పు లేదు, వేడి లేదు. ఉన్నదల్లా ప్లాటినం రేకు.

ఇది చిన్న విషయం కాదు. కొలిచే సాధనమే తప్పు చూపిస్తే దాని మీద కట్టబోయే నియమం కూలిపోతుంది. మనమైతే రీడింగ్ త్వరగా రాసేసుకుని ఎర్రర్ అని పక్కన పెట్టేవాళ్లమేమో. ఫారడే నియమం పని ఆపి దీని వెంట పడ్డాడు.

మొదట రెండు రేకుల్లో దోషి ఎవరో చూశాడు. బ్యాటరీ పాజిటివ్ వైపు ఉన్న రేకుని తీసి, కడిగి, తాజా గ్యాసు మిశ్రమం ఉన్న గొట్టంలో పెడితే గ్యాసు తగ్గిపోయింది. ఇప్పుడు దానికి బ్యాటరీతో సంబంధమే లేదు. అయినా పనిచేస్తోంది. ఒక్కోసారి ఎంత జోరుగా పనిచేసేదంటే రేకు వేడెక్కి మిశ్రమం పేలిపోయేది కూడా. కరెంటు తగలని మామూలు ప్లాటినం రేకు పెడితే ఏమీ జరగలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మీరు కరెంటు మీద పనిచేస్తున్న మనిషి. దేశమంతా మీ వైపే చూస్తోంది. కరెంటు పంపగానే మామూలు లోహానికి గది వేడిలోనే గ్యాసుల్ని కలిపే శక్తి వచ్చేసింది. విద్యుత్తు ప్లాటినంలో కొత్త గుణాన్ని నింపిందని రాసేస్తే ఎవరు కాదంటారు? మెరుపులాంటి ఫలితం, పైగా సొంత సబ్జెక్టుకే గొప్ప.

ఫారడే అలా రాయలేదు. కరెంటు లేకుండా కూడా ఈ గుణం వస్తుందేమో చూద్దామనుకున్నాడు. మామూలు రేకుని ఎమరీ పొడితో గట్టిగా రుద్దాడు. ఇంకోదాన్ని మంటలో వేడి చేశాడు. ఇంకోదాని మీద కాస్టిక్ పొటాష్ కరిగించి, కడిగి, వేడి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి, మళ్లీ నీళ్లతో కడిగాడు. ఈ రేకులూ గ్యాసుల్ని కలిపాయి. యాసిడ్‌తో శుభ్రం చేసినవి కరెంటు తగిలినవాటికి ఏమాత్రం తీసిపోలేదు. తర్వాత ఉల్టా వైపు నుంచి చూశాడు. బాగా పనిచేసే రేకుని గాలిలో వదిలేస్తే కొన్ని గంటల్లో ఆ గుణం పోయేది. మూతపెట్టిన స్వచ్ఛమైన నీళ్లలో ఉంచితే నిలిచేది.

తేలింది ఏమిటంటే, ఆ శక్తి ప్లాటినంలో ముందు నుంచీ ఉంది. పైన పట్టిన కంటికి కనపడని మురికి దాన్ని కప్పేస్తోంది. పాజిటివ్ వైపు పుట్టే ఆక్సిజన్, అక్కడున్న యాసిడ్ కలిసి ఆ మురికిని వదలగొడుతున్నాయి. కరెంటు చేసిన పని కడగడం, అంతే. సీసాలు కడగమంటే కాదనకుండా చేరిన కుర్రాడు, ఇరవై ఏళ్ల తర్వాత, కరెంటు కూడా సీసాలు కడిగే పనే చేసిందని తేల్చాడు.

తన సబ్జెక్టు గొప్పతనాన్ని తనే ఒక మెట్టు తగ్గించాడనిపిస్తుంది కదా. నిజానికి ఆయనకి దక్కింది అంతకంటే పెద్దది. పని జరిగేది లోహం ఉపరితలం మీద అని ఆయన చెప్పాడు. గ్యాసు కణాలు లోహం పైకి ఆకర్షితమై, అక్కడ దగ్గర దగ్గరగా చేరి, కలిసిపోయి, నీరై వెళ్లిపోతాయి, చోటు ఖాళీ అయితే కొత్తవి వస్తాయి. మన టెక్స్ట్‌బుక్కులో అడ్సార్ప్షన్ చాప్టరు ఇదే కదా. ఇంకా, కొన్ని గ్యాసులు కొద్దిగా కలిసినా పని ఆగిపోతుందని గమనించాడు. కార్బన్ మోనాక్సైడ్, ఎథిలిన్ అలాంటివి. రేకు చెడిపోయిందా అంటే లేదు, దాన్ని తీసి స్వచ్ఛమైన మిశ్రమంలో పెడితే మళ్లీ పనిచేసింది. ఇవాళ తక్కువ వేడిలో నడిచే హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్స్‌కి అతి పెద్ద బెడదల్లో ఒకటి ఇదే కార్బన్ మోనాక్సైడ్. హైడ్రోజన్‌లో పిసరంత ఉన్నా ప్లాటినం మీద తిష్ఠ వేసేస్తుంది.

ఈ పేపరు 1834 జనవరిలో రాయల్ సొసైటీ ముందు చదివారు. అందులో డోబరైనర్ పేరు, పారిస్‌లో ఇదే పని చేసిన డ్యూలాంగ్, థెనార్డ్ పేర్లు ఉన్నాయి. మరో ఏడాది తర్వాత స్వీడన్‌లో బెర్జీలియస్ ఇలాంటి పనులన్నిటికీ కలిపి క్యాటలిసిస్ అనే పేరు పెట్టాడు. ఫారడే మాత్రం కొలత చిక్కు తీరగానే తన నియమాల దగ్గరికి తిరిగి వెళ్లాడు. యానోడ్, క్యాథోడ్, ఎలక్ట్రోలైట్ లాంటి మాటలు ఆ 1834లోనే, విలియం హ్యూయెల్ అనే పండితుడి సాయంతో పుట్టాయి.

చివరి ఏళ్లు

1842లో విలియం గ్రోవ్ అనే ఆయన ప్లాటినం రేకుల మీద హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసేటప్పుడు కరెంటు వచ్చే బ్యాటరీ చేసి, ఆ సంగతి ఫారడేకి ఉత్తరం రాశాడు. అదే ఫ్యూయల్ సెల్. అప్పటికి ఫారడే ఆరోగ్యం దెబ్బతింది. నలభై తొమ్మిదేళ్లు నిండకముందే తల తిరగడం, మతిమరుపు మొదలయ్యాయి. నిన్న చేసింది ఇవాళ గుర్తుండేది కాదు. అందుకే నోట్‌బుక్కే ఆయనకి జ్ఞాపకం. పేరాలకి నంబర్లు వేసుకుంటూ రాసిన ఆ డైరీ 16 వేల నంబర్లు దాటింది. కోలుకున్నాక 1845లో అయస్కాంతం వెలుగుని ప్రభావితం చేయడం చూపించాడు. క్రిస్మస్‌కి పిల్లలకి లెక్చర్లు 19 ఏళ్లు ఇచ్చాడు. కొవ్వొత్తి మీద ఇచ్చినవి ఇప్పటికీ పుస్తకంగా దొరుకుతాయి. సర్ బిరుదు వద్దన్నాడు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వద్దన్నాడు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్ట్‌లో కన్నుమూశాడు. పెద్దల సమాధులుండే వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో కాకుండా, హైగేట్ శ్మశానంలో మామూలు రాయి కింద ఉన్నాడు.

ఆయన తర్వాత

మరి కరెంటు నిజంగా కడగడమే చేస్తుందా, ఇంకేం చేయదా? చేస్తుంది. అది తెలియడానికి దాదాపు 150 ఏళ్లు పట్టింది.

1833లోనే ఫారడే, వెండి సల్ఫైడ్‌ని వేడి చేస్తే ఘనరూపంలోనే కరెంటు బాగా పారడం చూశాడు. అలా ఘనపదార్థాల్లోంచి అయాన్లు కదులుతాయని మెల్లగా తెలిసింది. 1980ల్లో గ్రీస్‌కి చెందిన కాన్‌స్టాంటినోస్ వాయెనాస్ బృందం, జిర్కోనియా అనే ఘన ఎలక్ట్రోలైట్ మీద లోహపు పొర వేసి, కింది నుంచి ఆక్సిజన్ అయాన్లని పంపి చూసింది. ఫారడే నియమం ప్రకారం పంపిన అయాన్లకి సరిపడా చర్య జరగాలి. కానీ కొన్ని సందర్భాల్లో దానికి వందల, వేల రెట్లు జరిగింది. అయాన్లు లోహం పైకి పాకి, అక్కడ అంటుకున్న గ్యాసుల బంధాల బలాన్నే మార్చేస్తున్నాయి. ఈ ఎఫెక్టు పేరులోనే నాన్-ఫారడేయిక్ అనే మాట ఉంది. అంటే ఫారడే లెక్కకి అందనిది అని.

దీని మీద ఇంత ఆసక్తి ఎందుకంటే, వేడి ఖరీదైనది. అమ్మోనియా తయారీకి 400 డిగ్రీల పైన వేడి, వంద అట్మాస్ఫియర్లు దాటిన ఒత్తిడి కావాలి. కారు సైలెన్సరు దగ్గరుండే కన్వర్టరు కూడా వేడెక్కేదాకా సరిగా పనిచేయదు. ఆ పనులు కరెంటు సాయంతో తక్కువ వేడిలో జరిగితే, ఎండ ఉన్నప్పుడు సోలార్ కరెంటుతో నడిపి లేనప్పుడు ఆపేసే చిన్న ప్లాంట్లు కట్టుకోవచ్చు.

అయితే ఇలాంటి పేపరు ఏది వచ్చినా మొదటి ప్రశ్న 1833 నాటిదే. కరెంటు పెడితే రేటు పెరిగింది సరే, అది కరెంటు వల్లేనా? తీగ వేడెక్కినట్టు క్యాటలిస్టు లోపల ఎక్కడో వేడెక్కిందా? ఉపరితలం మీది చెత్త కాలిపోయిందా? కరెంటు బదులు మామూలుగా వేడి చేసి, కడిగి, పోల్చి చూశారా? ప్లాటినం ఎలక్ట్రోడు వాడే ల్యాబుల్లో ఇప్పటికీ, ప్రయోగానికి ముందు దాన్ని డైల్యూట్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి వోల్టేజీ పైకీ కిందకీ తిప్పుతూ శుభ్రం చేస్తారు. ఫారడే తేల్చిన సంగతి అక్కడ రోజువారీ పనిలా కలిసిపోయింది.

మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో గ్రాఫు మనం కోరుకున్న వైపు లేస్తే సంబరమే. సంబరపడదాం, తప్పేం లేదు. గైడ్‌కి చూపించే ముందు మాత్రం ఒకసారి కరెంటు తీసేసి, రేకు కడిగి, మళ్లీ పెట్టి చూద్దాం.